గెయిమ్, పిడ్జిన్: పరాయి గడపల్లో కబుర్లు

2007 ఏప్రిల్ 6న ఒక సాఫ్టువేరు పేరు మార్చుకుంది. లినక్సు వాడేవారికి అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా “గెయిమ్”గా పరిచయమున్న తక్షణ సందేశ సాధనం ఆనాటి నుంచి “పిడ్జిన్” అయింది. దాని లోపల ఉండి అసలు పని చేసే లైబ్రరీ లిబ్‌గెయిమ్ కాస్తా లిబ్‌పర్పుల్ అయింది. బొమ్మలేవీ లేకుండా టెర్మినల్లో నడిచే గెయిమ్-టెక్స్ట్‌కు “ఫించ్” అన్న పిట్ట పేరు పెట్టారు. ముచ్చటపడి మార్చుకున్న పేర్లు కావివి. అమెరికా ఆన్‌లైన్ అనే పెద్ద సంస్థతో ఏళ్ళ తరబడి నలిగిన వివాదానికి ముగింపుగా, రాజీ షరతుల్లో భాగంగా వచ్చిన పేర్లు.

అయినా అంతకన్నా తగిన పేరు దొరకడం కష్టమేమో. ఒకరి భాష ఒకరికి రాని వర్తకులు రేవుల్లో కలిసినప్పుడు, బేరం సాగడానికి చాలినంత మేరకు కల్పించుకునే అతుకుల భాషను భాషాశాస్త్రంలో పిడ్జిన్ అంటారు. దానికి వ్యాకరణం కొంచెమే, పదాలు కొన్నే. అది ఎవరికీ తల్లిభాష కాదు. కానీ పని జరిగిపోతుంది. ఈ సాఫ్టువేరు చేసినదీ అదే. ఇంగ్లీషులో పావురాన్ని సూచించే మాటా దాదాపు ఇలాగే పలుకుతుంది కనుక, వార్త మోసే పక్షి చిహ్నమై కూర్చుంది. ఆ పక్షి ఊదారంగులో ఉండటానికి కారణం ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక్కొక్క సందేశ వ్యవస్థతో మాట్లాడడానికి రాసుకున్న ప్లగిన్లను – అంటే ప్రోటోకాల్ ప్లగిన్లను – రచయితలు తమలో తాము “పీ ఆర్ పీ ఎల్” అని పొట్టిగా రాసుకునేవారు. దాన్ని గబగబా చదివితే పర్పుల్. పొడి అక్షరాల నుంచి పేరు పుట్టింది, పేరు నుంచి రంగు పుట్టింది.

ఈ సాధనానికి సొంత సర్వరు లేదు, సొంత ఖాతాలు లేవు, “ఇంతమంది మా వాడుకరులు” అని చెప్పుకోవడానికి సొంత ప్రజలూ లేరు. దాని చరిత్ర మొత్తం ఇతరుల గడపల మీద నడిచింది. తలుపు తీస్తే లోపలికి వెళ్ళింది, మూస్తే కిటికీ వెతికింది. అందుకే తక్షణ సందేశాల చరిత్రను ఎయిమ్ వైపు నుంచో యాహూ వైపు నుంచో కాక, దీని వైపు నుంచి చూస్తే మరోలా కనబడుతుంది.

ఆనాటి పరిస్థితి చదువరులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇజ్రాయెల్‌కు చెందిన మిరాబిలిస్ సంస్థ 1996 నవంబరులో ఐసీక్యూను విడుదల చేసింది. మనిషికొక సంఖ్య, ఆ సంఖ్యల జాబితా, అందులో ఎవరు ఇప్పుడు కంప్యూటరు ముందు ఉన్నారో చెప్పే చిన్న పువ్వు. 1997 మే నెలలో అమెరికా ఆన్‌లైన్ వారి ఎయిమ్ వచ్చింది. 1998 మార్చిలో యాహూ పేజర్ వచ్చి, మరుసటి ఏడు యాహూ మెసెంజర్‌గా పేరు మార్చుకుంది. 1999 జులైలో మైక్రోసాఫ్టు ఎమ్మెస్సెన్ మెసెంజర్ వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ మరొక దానితో మాట్లాడేది కాదు. యాహూలో ఉన్న మేనత్త కొడుకుతోనూ, ఎమ్మెస్సెన్‌లో ఉన్న ఆఫీసు స్నేహితుడితోనూ మాట్లాడాలంటే రెండు సాధనాలు తెరిచి కూర్చోవలసిందే. ఒక ఊరి ఫోను నుంచి పక్క ఊరికి మోగదంటే ఎవరూ ఊరుకునేవారు కాదు. ఈ విషయంలో మాత్రం అందరూ ఊరుకున్నారు.

1998లో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి, లినక్సులో ఎయిమ్ వాడుకోవడానికి తానే ఒక సాధనం రాసుకున్నాడు. జీటీకే అనే పనిముట్లతో రాశాడు కాబట్టి దాని పేరు “జీటీకే ప్లస్ ఏఓఎల్ ఇన్‌స్టంట్ మెసెంజర్”. ఇందులో దొంగతనమేమీ లేదు. టాక్ అనే ప్రోటోకాల్ వివరాలను, దాన్ని వాడే ఒక చిన్న సాధనాన్ని అమెరికా ఆన్‌లైన్ స్వయంగా బయటపెట్టి ఉంది. ఎటొచ్చీ తమ సొంత సాధనం వాడే ఆస్కార్ అనే మరింత సత్తువ గల ప్రోటోకాల్‌ను మాత్రం గుట్టుగా ఉంచుకుంది. స్పెన్సర్ ఆ తరువాత కొద్దికాలానికే, తన చిన్న సంస్థకు టెలిఫోను ఎక్స్చేంజి కొనే స్తోమత లేక, ఆస్టెరిస్క్ అనే మరో సాఫ్టువేరు రాసుకుని అటు వెళ్ళిపోయాడు. దానితోనే ఆయన పేరు ఎక్కువమందికి తెలిసింది. గెయిమ్‌ను ఇతరులు అందుకున్నారు. ఒకరు వదిలేస్తే మరొకరు భుజాన వేసుకోగలగడం స్వేచ్ఛా సాఫ్టువేరుకు ఉన్న సుగుణం.

ఇక్కడ కాసేపు ఆగి, 1999లో జరిగిన ఒక పోరు గురించి చెప్పాలి. ఎమ్మెస్సెన్ మెసెంజర్ తొలి విడుదలలోనే ఎయిమ్ ఖాతాతో కూడా లోపలికి వెళ్ళే సదుపాయం ఉంది. అమెరికా ఆన్‌లైన్‌ను అడిగి పెట్టినది కాదు. వారు కొద్ది రోజుల్లోనే అడ్డుకున్నారు. మైక్రోసాఫ్టు దారి మార్చింది, వారు మళ్ళీ అడ్డుకున్నారు. ఈ దొంగాపోలీసు ఆట వారాల తరబడి సాగింది. చివరికి అమెరికా ఆన్‌లైన్ వారు వేసిన ఎత్తు విచిత్రమైనది. తమ సొంత సాధనంలోనే ఉన్న ఒక భద్రతా లోపాన్ని వాడుకుని, సర్వరు నుంచి ఒక చిన్న కోడు ముక్కను వాడుకరి కంప్యూటరులో నడిపించి, అవతల ఉన్నది అసలు ఎయిమా కాదా అని తేల్చుకోసాగారు. ఆ లోపం ఎమ్మెస్సెన్ మెసెంజర్లో లేదు కనుక అది దొరికిపోయింది. ఆ ఏడాది చివరకు మైక్రోసాఫ్టు ఆశ వదులుకుంది.

మైక్రోసాఫ్టు అంతటి సంస్థే విరమించుకున్న చోట, జీతం లేని కొద్దిమంది కుర్రవాళ్ళు నిలబడ్డారు. ఆస్కార్ ప్రోటోకాల్‌ను ఎవరూ చెప్పకుండానే, తీగ మీద పోయే బైట్లను గమనించి అర్థం చేసుకున్నారు. 2001 ప్రాంతంలో అమెరికా ఆన్‌లైన్ సర్వర్లు కొత్త పరీక్ష పెట్టాయి: “నువ్వు నిజంగా ఎయిమ్‌వే అయితే, నీ ప్రోగ్రాము ఫైలులో ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు చదివి చెప్పు” అన్నట్టుగా. గెయిమ్ దగ్గర ఆ ఫైలు లేదు. ఉండకూడదు కూడా, అది వేరొకరి సొత్తు. అప్పుడు గెయిమ్ రచయితలు తమ జాలస్థలిలో ఒక చిన్న పేజీ పెట్టారు. సర్వరు ప్రశ్న అడగగానే గెయిమ్ గబుక్కున వెళ్ళి ఆ పేజీని అడిగేది. ఫలానా చోటి బైట్లు ఇవీ అని అది చెప్పేది. ఆ జవాబు పట్టుకొచ్చి సర్వరుకు అప్పజెప్పేది. పరీక్ష గదిలోంచి చీటీ బయటికి పంపించి జవాబు తెప్పించుకున్నట్టన్నమాట. ఒకవేళ అదీ పారకపోతే, కాసేపట్లో సంబంధం తెగిపోవచ్చునని, అందాకా టాక్ వాడుకొమ్మని వాడుకరికి మర్యాదగా చెప్పే సందేశాన్ని కూడా కోడులో రాసి పెట్టుకున్నారు.

2003 సెప్టెంబరులో యాహూ కూడా, చెత్త సందేశాల బెడద కారణం చూపి, బయటి సాధనాలను అడ్డగించింది. అప్పుడు గెయిమ్‌కు సాయం చేసింది ట్రిలియన్ తయారుచేసే సెరూలియన్ స్టూడియోస్ వారు. ట్రిలియన్ మూలసంకేతం బయటపెట్టని వ్యాపార సాధనం, అదే పని చేసే పోటీదారు. అయినా యాహూ కొత్త ప్రవేశ పద్ధతిని విప్పి గెయిమ్‌తో పంచుకున్నారు. గోడకు ఇవతల ఉన్నవారి మధ్య అటువంటి పొత్తు సహజమే అనుకుంటాను.

ప్రభుత్వానికి ఈ గోడల సంగతి తెలియక కాదు. 2001 జనవరిలో టైమ్ వార్నర్‌తో విలీనాన్ని అనుమతిస్తూ అమెరికా కమ్యూనికేషన్ల సంఘం అమెరికా ఆన్‌లైన్‌కు ఒక షరతు పెట్టింది. వీడియో వంటి ముందుతరం సందేశ సేవలు మొదలుపెట్టే ముందు ఇతర వ్యవస్థలతో మాట్లాడే ఏర్పాటు చేయాలని. 2003 ఆగస్టులో ఆ షరతును ఎత్తివేశారు. ఈ మధ్యకాలంలో జరిగింది పెద్దగా ఏమీ లేదు.

పేరు గొడవ సంగతికి వస్తే, మొదటి పొడవాటి పేరు మీద అమెరికా ఆన్‌లైన్ అభ్యంతరం చెప్పినప్పుడే దాన్ని “గెయిమ్” అని కుదించుకున్నారు. తరువాత ఆ సంస్థ ఎయిమ్ అన్న పొడి అక్షరాలను ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని మళ్ళీ వచ్చింది. ఇంగ్లీషులో గెయిమ్ తొలి అక్షరం తీసేస్తే మిగిలేది ఎయిమే కదా. ఈ వ్యవహారాన్ని రచయితలు చాలావరకు గోప్యంగా ఉంచారు. రెండవ తరం విడుదల నెలల తరబడి బీటా దశలోనే ఎందుకు ఆగిపోయిందో వాడేవారికి అర్థమయ్యేది కాదు. 2007 మే 3న పిడ్జిన్ 2.0.0 వెలువడ్డాక గానీ ఆ చిక్కుముడి విడలేదు. చివరి క్షణంలో కూడా ఒక అడ్డంకి ఉండేది: వాడుకరి అమరికలు దాచే ఫోల్డరు పేరు సైతం “డాట్ గెయిమ్”గా ఉంది, దాన్నీ మార్చవలసి వచ్చింది. న్యాయవాదుల చూపు అంత లోతుకు వెళ్ళింది!

సౌకర్యాల మాట కొంత చెప్పుకోవాలి. అన్ని వ్యవస్థల మిత్రులూ ఒకే జాబితాలో కనబడడం ప్రధానమైనది. కానీ నాకు అంతకన్నా గొప్పగా తోచినది, ఒకే మనిషికి ఉన్న పలు ఖాతాలను లాగి ఒకదాని మీద ఒకటి వేస్తే అవన్నీ కలిసి ఒక పేరు కింద ఒదిగిపోవడం. అవతలివాడు యాహూలో ఉన్నాడో జీటాక్‌లో ఉన్నాడో మనకు అనవసరం, వాడు మనవాడు. వ్యవస్థను వెనక్కి నెట్టి మనిషిని ముందుకు తెచ్చిన ఏర్పాటు అది. “పౌన్స్” అని మరొకటి ఉండేది. ఫలానా మిత్రుడు లోపలికి రాగానే, లేదా విరామం ముగించుకుని తిరిగి వచ్చి కూర్చోగానే, గంట కొట్టమనో, ముందే రాసి ఉంచిన మాట పంపమనో పురమాయించి మన పని మనం చూసుకోవచ్చు. అమెరికాలో పగలైతే ఇక్కడ రాత్రి అన్న చిక్కుతో బతికే కుటుంబాలకు దీని విలువ తెలుస్తుంది. ఇంకొక ప్లగిన్ అవతలివారు మనకోసం మొదటి అక్షరం కొట్టగానే, పంపకముందే, మన తెర మీద కిటికీ తెరిచేది. ఎవరైనా ఏదో రాయబోయి మానుకుంటే, ఆ మానుకున్న సంగతి కూడా తెలిసిపోయేది. అంత తెలియడం మంచిదేనా అని అప్పుడూ సందేహమే, ఇప్పుడూ సందేహమే.

తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేక లాభం ఉండేది. రష్యను, అరబిక్కు వంటి భాషలకు విండోసులో పాత ఎనిమిది బిట్ల కోడ్‌పేజీలు ఉండేవి కనుక, యూనికోడ్ రాకముందు కూడా పాత సందేశ వ్యవస్థల్లో అవి ఏదో ఒకలా నెట్టుకొచ్చాయి. తెలుగుకు అటువంటి కోడ్‌పేజీయే లేదు. యూనికోడ్ తప్ప వేరే దారి లేదు. అది లేనంతకాలం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకోవడమే. 2003లో గెయిమ్ 0.60తో జీటీకే రెండవ తరానికి మారింది. దానితోపాటు పాంగో అనే అక్షరాలు కూర్చే యంత్రాంగం వచ్చింది. గుణింతాలు, ఒత్తులు కూర్చే పని పాంగోది కావడంతో, గెయిమ్ రచయితలకు తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆ కిటికీలో తెలుగు సరిగా కనబడగలిగింది. లేఖినిలో రాసుకుని, నకలు తీసి, కబుర్ల కిటికీలో అతికించిన రోజులు ఎందరికో ఉన్నాయి.

సంభాషణల దాఖలా కూడా వాడుకరి దగ్గరే ఉండేది. “డాట్ పర్పుల్” ఫోల్డరులో లాగ్స్ అని ఒకటి, అందులో వ్యవస్థకొకటి, ఖాతాకొకటి, మిత్రునికొకటి, చివరికి తేదీ వేసిన మామూలు ఫైలు. తెరిచి చూడడానికి పిడ్జిన్ కూడా అక్కరలేదు, విహారిణి చాలు. ఆ సర్వర్లు నడిపిన సంస్థలు పోయాయి. నా పాత డిస్కులో ఆ ఫైళ్ళు మాత్రం ఒత్తులతో సహా పదిలంగా తెరుచుకుంటున్నాయి.

అదే ఫోల్డరులో మన సంకేతపదాలు కూడా ఏ ముసుగూ లేకుండా ఉండేవి. దీని మీద పిడ్జిన్ వారిని తిట్టనివారు లేరు. వారి వాదన ఇది: సంకేతపదాన్ని మళ్ళీ సర్వరుకు పంపాలి కాబట్టి ప్రోగ్రాము దాన్ని విప్పగలగాలి. ప్రోగ్రాము మూలసంకేతం అందరికీ తెలిసినదే. అటువంటప్పుడు దాన్ని ఏదో గజిబిజిగా మార్చి రాయడం తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు. భద్రత ఉందన్న భ్రమ కన్నా లేదన్న ఎరుక మేలు. ఫైలు ఇతరులు చదవకుండా చూసుకోవలసింది కంప్యూటరు. అలా కాదంటే సంకేతపదం దాచుకోవద్దు. ఇందులో కొంత మొండితనం ఉన్నా, వాడుకరిని పసివాడిలా చూడని నిజాయితీ కూడా ఉందని నా అభిప్రాయం.

భద్రత వారికి పట్టదనుకోవడం పొరపాటు. 2004లో నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, ఎరిక్ బ్రూవర్ “ఆఫ్ ద రికార్డ్” అనే పద్ధతిని ప్రతిపాదించినప్పుడు, దాన్ని జనం వాడుకునే రూపంలోకి తెచ్చినది గెయిమ్ ప్లగినే. అప్పటికే ఉన్న పీజీపీ పద్ధతిలో రెండు చిక్కులు ఉన్నాయి. ఒక తాళంచెవి బయటపడితే పాత ఉత్తరాలన్నీ బయటపడతాయి. పైగా సంతకం ఉంటుంది కనుక, ఆ మాట నాది కాదని అనడానికి వీలుండదు. ఇద్దరు గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటే అలా ఉండదు కదా. అందుకని వీరు సంభాషణ సాగుతుండగానే తాళంచెవులు మారుస్తూ, పాతవి పారేస్తూ పోయే ఏర్పాటు చేశారు. సందేశం నిజమని సరిచూసుకునే చెవులను కూడా పని అయ్యాక బాహాటంగా ప్రకటించేస్తారు. అప్పటి నుంచి ఆ సందేశాన్ని ఎవరైనా కల్పించగలరు కనుక, మూడో మనిషికి అది రుజువు కాదు. మాట్లాడుకున్న ఇద్దరికీ మాత్రం ఆ క్షణాన అనుమానం లేదు. యాహూ సర్వరు గుండా పోతున్న మాట యాహూకే అర్థం కాకుండా పోయేది. 2014 డిసెంబరులో జర్మనీ పత్రిక డెర్ ష్పీగెల్ ప్రచురించిన అమెరికా నిఘా పత్రాల్లో, ఈ పద్ధతిలో జరిగిన సంభాషణను విప్పలేకపోయామన్న మాట కనబడింది. ఈ ఆలోచనల మీదే టెక్స్ట్‌సెక్యూర్, దాని నుంచి సిగ్నల్ ప్రోటోకాల్ పుట్టాయి. 2016 ఏప్రిల్ నాటికి వాట్సాప్ సందేశాలన్నీ ఆ పద్ధతిలోకి వచ్చాయి. మన చేతి ఫోనులోని భద్రతకు పూర్వీకుడు ఆ ఊదారంగు పిట్ట దగ్గర పెరిగినవాడే.

ఆ రోజుల్లో తలుపు బార్లా తెరిచినవారు గూగుల్ వారు. 2005 ఆగస్టు 24న మొదలైన గూగుల్ టాక్, జాబర్ నుంచి వచ్చిన ఎక్స్ఎమ్‌పీపీ అనే బహిరంగ ప్రోటోకాల్ మీద నడిచింది. గెయిమ్ ప్రధాన రచయిత షాన్ ఈగన్‌ను ఆ ఏడే పనిలోకి తీసుకున్నారు. 2006 జనవరిలో ఇతరుల సర్వర్లతో సైతం మాట్లాడే ఏర్పాటు చేశారు. ఇక గోడల కాలం చెల్లిందనే అందరం అనుకున్నాం. 2013 మే నెలలో హ్యాంగవుట్స్ వచ్చింది, బయటి సర్వర్లతో మాటలు ఆగిపోయాయి. 2022 జూన్ 16న పిడ్జిన్ వంటి బయటి సాధనాలకు ఆ తలుపు పూర్తిగా మూతపడింది. ఫేస్‌బుక్ కూడా 2010లో తెరిచిన ఎక్స్ఎమ్‌పీపీ ద్వారాన్ని 2015లో మూసేసింది.

ఈలోగా పిడ్జిన్ ఇంట్లోనూ ఒక రగడ జరిగింది. 2008లో, 2.4 విడుదలలో, రాసే పెట్టె పరిమాణాన్ని వాడుకరి చేత్తో లాగి మార్చుకునే వీలు తీసేసి, రాసినదాన్ని బట్టి దానంతటదే పెరిగేలా చేశారు. జనం గోల పెట్టారు. రచయితలు దిగిరాలేదు. కొందరు విసిగి “ఫన్‌పిడ్జిన్” అని వేరు కాపురం పెట్టి, తరువాత దానికి వార్త మోసే పావురాన్ని తలపించే “క్యారియర్” అన్న పేరు పెట్టుకున్నారు. అమెరికా ఆన్‌లైన్ న్యాయవాదులను తట్టుకున్న ఇల్లు రెండు వరుసల పెట్టె దగ్గర చీలింది.

పిడ్జిన్‌ను పాత గోడలేవీ ఓడించలేదు. ఆ గోడల వెనుక ఉన్న ఊళ్ళే ఖాళీ అయ్యాయి. 2013లో మైక్రోసాఫ్టు తన మెసెంజరును స్కైపులో కలిపేసింది. ఆ స్కైపు కూడా 2025 మే నెలలో మూతపడింది. ఎయిమ్ 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజర్ 2018 జులై 17న ఆగిపోయాయి. ఏఓఎల్ కొని, 2010లో రష్యా సంస్థకు అమ్మేసిన ఐసీక్యూ అందరికన్నా ఎక్కువకాలం బతికి 2024 జూన్ 26న సెలవు తీసుకుంది. అంత కష్టపడి బైటు బైటుగా విప్పుకున్న భాషలు మాట్లాడేవారు లేని భాషలయ్యాయి. బహిరంగమైన ఎక్స్ఎమ్‌పీపీ, దానికన్నా పాతదైన ఐఆర్‌సీ మాత్రం నేటికీ పలుకుతున్నాయి. పాత అలవాటూ పోలేదు. డిస్కార్డుకు, వాట్సాపుకు లిబ్‌పర్పుల్ ప్లగిన్లు రాసిన ఔత్సాహికులు ఉన్నారు. డిస్కార్డు నిబంధనలు బయటి సాధనాలను ఒప్పుకోవు. 2024 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య చట్టం, అడిగిన ఇతర సేవలతో మాట్లాడక తప్పదని వాట్సాపుకు విధించింది. 2001లో అమెరికా పెట్టి ఎత్తివేసిన షరతుకు ఇది దూరపు చుట్టం.

పిడ్జిన్‌కు తగిలిన ఇటీవలి దెబ్బ బయటి సంస్థ నుంచి వచ్చినది కాదు. 2024 జులైలో, తెరను పంచుకుంటూ ఆఫ్ ద రికార్డ్ పద్ధతిలో మాట్లాడుకోవచ్చని చెప్పుకున్న ఒక ప్లగిన్, పిడ్జిన్ జాలస్థలిలోని బయటి ప్లగిన్ల జాబితాలో చేరింది. దానికి మూలసంకేతం ఇవ్వలేదు, నడిచే ఫైలు మాత్రమే ఇచ్చారు. అది మీటలు కొట్టినదంతా రికార్డు చేసి చేరవేసే మాయదారి ప్రోగ్రామని ఆగస్టులో ఒక వాడుకరి ఫిర్యాదుతో తేలింది. మూలసంకేతం అడగకపోవడం తమ తప్పేనని రచయితలు బహిరంగంగా ఒప్పుకుని, దాన్ని తీసేశారు. స్వేచ్ఛా లైసెన్సు లేని ప్లగిన్లకు ఇకపై ఆ జాబితాలో చోటు లేదని ప్రకటించారు.